తువ్వాలు కింద ఓళిగ ధర

ఉచ్చీరమ్మకు ఒక జబ్బుంది. సూదిమందుకు లొంగేది కాదు, తాయెత్తుకు పోయేది కాదు. ఓళిగ ఎంతకిస్తావమ్మా అని ఎవరైనా అడిగితే చాలు, గొంతు దగ్గర ఎవరో తలుపు వేసి గడియ పెట్టినట్టవుతుంది. కొంగు చివర దానంతటది నోట్లోకి పోతుంది. చూపు నేల మీద చీమలను వెతుక్కుంటుంది. ఆఖరుకు బయటికి వచ్చేది ఒకటే మాట.

“మీ ఇష్టమప్పా. మీకు తోచింది ఇయ్యండి.”

ఎమ్మిగనూరు జనం మంచోళ్ళే. అయితే ఎంత మంచోళ్ళకైనా ఇష్టమనేది జేబును బట్టి ఉంటుంది. ఒకాయన ఇష్టం ఎనిమిది రూపాయలు. ఒకామె ఇష్టం “వచ్చే నెల చూద్దాంలే.” బట్టల దుకాణం గుమస్తా ఇష్టం ఒక క్యాలెండరు. ఆయన మూడుసార్లు ఓళిగలు పట్టుకుపోయాడు కాబట్టి ఆమె ఇంట్లో ఒకే సంవత్సరం క్యాలెండర్లు మూడు వేలాడుతున్నాయి. మూడింటిలోనూ తారీకులు ఒకటే. డబ్బు మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

ఓళిగలంటే బొబ్బట్లే గానీ, అట్లాంటివి ఆదోని నుంచి పత్తికొండ దాకా ఎక్కడా దొరికేవి కావు. శనగపప్పు పూర్ణం వెన్నలా రుబ్బి, మైదా పొరలో పెట్టి, అరటాకు మీద తడితే అవతల ఉన్న దీపం కనపడేంత పలచన. పెనం మీద వేస్తే వీధి చివర ఎవరో ఒకరు సైకిలు దిగి గాలి పీలుస్తారు. అయినా ఉచ్చీరమ్మ మనసులో మాత్రం, “ఓళిగే గదా, అందరిండ్లల్లో సేసుకునేదే గదా, దీనికి ధరేంది” అని ఒక గొణుగుడు ఎప్పుడూ ఉంటుంది.

ఇక కొసరు. యాభై అడిగిన ఇంటికి అరవై పోతాయి.

“లెక్క తప్పినావాక్కా?” అని ఎస్తేరు అడుగుతుంది.

“తప్పలేదే. ఆయమ్మకు ముగ్గురు పిల్లోళ్ళు.”

“ఆ ముగ్గురినీ కలుపుకొనే గదా ఆయమ్మ యాభై సెప్పింది.”

“అయినా పిల్లోళ్ళు గదా.”

ఎస్తేరు పక్క వీధి మనిషి. రెండేళ్ళుగా ఈ పనిలో సగం భాగం ఆమెది. ఉచ్చీరమ్మ పూర్ణం చేస్తే ఎస్తేరు తట్టి కాలుస్తుంది. మరి ధర ఎస్తేరే చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పి చూసింది. గుమ్మంలో నిలబడి “ఇరవై రూపాయలమ్మా” అని ఆమె అన్న మరుక్షణం లోపల పొయ్యి దగ్గర నుంచి “పరవాలేదులేమ్మా, తగ్గించుకోండి” అని ఇంకో గొంతు వచ్చేది. బేరమాడాలని కొనేవాళ్ళకు తట్టకముందే ఉచ్చీరమ్మకు తట్టేది.

ఇట్లా ఉండగా ఒకరోజు ఆదోని నుంచి ఫోను వచ్చింది. పత్తి వ్యాపారం చేసే లక్ష్మీనరసయ్య గారి ఇంటి నుంచి. ఆయన భార్య రాజేశ్వరమ్మ ఎమ్మిగనూరులో ఎవరిదో గృహప్రవేశంలో ఈ ఓళిగ తిన్నదట. కూతురు కన్యక పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ తాంబూలం సంచిలో రెండేసి ఓళిగలు పెట్టాలట. మొత్తం రెండు వేలు. ఆదివారం వచ్చి ధర మాట్లాడుకొని బయానా పట్టుకుపొమ్మన్నారు.

ఫోను పెట్టేశాక ఉచ్చీరమ్మ ముఖం వెలిగింది. ఎస్తేరు ముఖం వెలగలేదు. ఆమె పెనం దించి, చేతులు కడుక్కొని, చీర కుచ్చిళ్ళు సర్దుకొని, పంచాయితీ చెప్పడానికి వచ్చినట్టు ఎదురుగా కూర్చుంది.

“అక్కా, ఇను. ఒక్క ఓళిగకు మనకు పదకొండు పడుతుంది. నెయ్యి, బెల్లం, గ్యాసు, అన్నీ ఏసి సెప్తాండా. ఇరవై అడగాల. నువ్వే అడగాల. ఆదివారం ఆ ఇంట్లో నీ నోట్లో నుంచి ‘మీ ఇష్టం’ అని వచ్చిందనుకో, సోమవారం పొద్దున నేను ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి ఏరతా ఉంటా. మాట్లాడి పెట్టుకున్యా. మేస్త్రీ మా సిన్నమ్మ కొడుకే.”

“అట్లంటే ఎట్లే. నువ్వు లేకుంటే ఓళిగలెవరు తడతారు?”

“మీ ఇష్టమని ఎవరికి అన్యావో వాళ్ళనే రమ్మను, తడతారు.”

ఎస్తేరు ఊరికే బెదిరించే రకం కాదు. పైగా రెండు వేల ఓళిగలు పదికి ఒప్పుకుంటే సొంత నెయ్యి పోసి ఆదోని పెళ్ళి చేసినట్టే.

“నాకు ఒకటి అర్థం కాదక్కా,” అంది ఎస్తేరు. “పోయిన సంవత్సరం మా మరిది టమోటాలు పత్తికొండ మార్కెట్టుకు తీసుకపోతే నువ్వు గూడా ఊరికే ఎంట వచ్చినావు. ఆ యాపారి రేటు సెప్తానే నడుం మీద చెయ్యి పెట్టి, ‘ఏమప్పా, ఇవి టమోటాలా, నీ కంటికి గోలీలు మాదిరి కనపడతాండాయా’ అన్యావు. ఆయప్ప బిత్తరపోయి రేటు పెంచినాడు. ఆ పొద్దు యాడ నుంచి వచ్చె ఆ నోరు?”

“అవి మీ మరిదివి గదా.”

“ఇవి?”

“ఇవి నావి,” అంది ఉచ్చీరమ్మ, ఏదో తప్పు ఒప్పుకున్నట్టు.

ఆ రోజు నుంచే సాధన మొదలైంది. ఆ మధ్య పొదుపు సంఘం ఆడవాళ్ళందరినీ ఆదోనికి పిలిపించి, కర్నూలు నుంచి వచ్చిన ఒక మేడం రోజంతా పాఠం చెప్పింది. మన విలువ మనకు తెలియాలి, మన మనసులో డబ్బంటే బెరుకు పోవాలి, రోజూ అద్దం ముందు నిలబడి మన ధర మనం గట్టిగా చెప్పుకోవాలి అని. అప్పుడు ఉచ్చీరమ్మకు బాగా గుర్తున్నది మధ్యాహ్నం పెట్టిన పులిహోర ఒక్కటే. ఎస్తేరుకు మాత్రం పాఠం అంతా గుర్తుంది. ఆమె ఉచ్చీరమ్మను తీసుకెళ్ళి బీరువా అద్దం ముందు నిలబెట్టింది.

ఉచ్చీరమ్మ అద్దంలోకి చూసింది. అందులో ఒక ఆడమనిషి ఉంది. చెంప మీద మైదా, నుదుటి మీద చెమట, జాకెట్టు చేతికి కుట్టు ఊడింది. పొద్దున్నుంచి ఏమీ తిననట్టుంది.

“సెప్పు,” అంది ఎస్తేరు.

“ఇరవై,” అంది ఉచ్చీరమ్మ అద్దంతో.

“శభాష్. ఇంగోసారి.”

ఉచ్చీరమ్మ ఇంకోసారి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “పాపం, ఈయమ్మ ఇరవై యాడిచ్చుకుంటుందే,” అని ఎస్తేరు వైపు తిరిగి, మళ్ళీ అద్దంతో, “పన్నెండు ఇయ్యమ్మా, సాలు,” అంది.

ఎస్తేరు అద్దానికి దుప్పటి కప్పేసింది.

మరునాడు ఇంటి ముందు కట్టేసిన బర్రె దగ్గరికి తీసుకెళ్ళింది. బర్రె బేరమాడదు, కాబట్టి భయముండదని ఆమె లెక్క. ఆ లెక్క కొంతవరకు సరిపోయింది. ఉచ్చీరమ్మ గడ్డి వేసి, గొంతు సవరించుకొని, “ఓళిగ ఇరవై,” అంది. బర్రె నెమరు ఆపి ఆమెను ఒక చూపు చూసి ముఖం అటు తిప్పుకుంది.

“సూసినావా,” అంది ఉచ్చీరమ్మ. “దానికి గూడా ఎక్కువనిపించింది.”

మూడో రోజు ఆమె భర్త ఉరుకుందును షావుకారు వేషం కట్టమన్నారు. ఉరుకుందు ఎమ్మిగనూరు, ఆదోని మధ్య ఆటో నడుపుతాడు. నల్లద్దాలు పెట్టుకొని, కాలు మీద కాలేసుకొని మంచం మీద కూర్చున్నాడు.

“ఏమ్మా, ఎట్లుంటాయి నీ ఓళిగలు, సూపీ,” అన్నాడు. రుచి చూడమని రెండు ఇచ్చింది. “సరిగ్గా తెలియలేదు,” అన్నాడు. ఇంకో రెండు ఇచ్చింది, నెయ్యి వేసి.

“ఇప్పుడు ఎంతో సెప్పు.”

“మీ ఇష్టమయ్యా,” అంది ఉచ్చీరమ్మ, పెళ్ళయినప్పటి నుంచి చూస్తున్న మొగుడితోనే తలొంచుకొని.

“నా ఇష్టమైతే ఇంగో రెండు పెట్టు,” అన్నాడు ఉరుకుందు. అంతటితో ఆ సాధన కూడా ముగిసింది. శనివారం ఎస్తేరు పనికొచ్చింది కానీ పెద్దగా మాట్లాడలేదు. మిల్లుకు కట్టుకుపోయే పాత చీర ఒకటి ఉతికి ఆరేసుకున్నానని మాత్రం చెప్పింది.

ఈ తతంగమంతా పంచలో ఒక మూల కూర్చొని చూస్తున్న మనిషి ఇంకొకాయన ఉన్నాడు. ఉచ్చీరమ్మ నాయన హనుమన్న. ఒకప్పుడు ఎద్దుల దళారి. ఎద్దులమ్మే పరుసలో హనుమన్న తువ్వాలు పరిస్తే బేరం తెగకుండా లేచేది కాదని పేరు. ఎద్దుల బేరం నోటితో ఆడరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు తువ్వాలు కింద పెట్టి వేళ్ళతో మాట్లాడుకుంటారు. ఎదుటివాడి వేళ్ళు ఎన్ని పట్టుకుంటే అంత. అయిదూ కలిపి పిడికిట పడితే అయిదు, అది దాటితే పిడికిలి పట్టి ఆపైన మిగిలిన వేళ్ళు. మొదటి పట్టు పదులు, రెండో పట్టు ఒకట్లు. అరచేతిలో గోకితే కుదరదని. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర ఆ రెండు చేతులకే తెలియాలి. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గిపోయాయి. హనుమన్నకు మిగిలింది భుజం మీద చారల తువ్వాలు ఒకటి, కూతురి ఇంట్లో ఈ మూల ఒకటి.

రోజూ పొద్దున, ఎస్తేరు రాకముందు, ఆయన తువ్వాలు పరిచి కూతురిని పిలుస్తాడు. బీడీల డబ్బుల కోసం. ఉచ్చీరమ్మ పిండి చేతులు తుడుచుకొని వచ్చి తువ్వాలు కింద చెయ్యి పెడుతుంది. ఆయన ముప్పై అడుగుతాడు. ఆమె గోకుతుంది. ఆయన ఇరవై అయిదు పడతాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోతుంది. ఆయన పట్టుకుంటాడు. ఆఖరుకు పదిహేనుకు తెగుతుంది. ముసలాయన పదిహేనుకు మించి గెలిచిన రోజు లేదు. ఉచ్చీరమ్మ దాన్ని బేరమని ఎప్పుడూ అనుకోలేదు. చిన్నప్పుడు నాయన ఒళ్ళో కూర్చొని నేర్చుకున్న ఆట అది. పళ్ళు తోముకోవడం లాగా అదొక పని.

ఆదివారం వచ్చింది. ఉరుకుందు ఆటో తుడిచి సిద్ధం చేశాడు. ఓళిగల డబ్బా ఒళ్ళో పెట్టుకొని ఉచ్చీరమ్మ, ఆమె పక్కన ఎస్తేరు. హనుమన్న ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు సీటు అంచున కూర్చున్నాడు.

“నువ్వెందుకు మామా?” అన్నాడు ఉరుకుందు.

“ఆదోని సూసి శానా దినాలైంది. బేరానికి పోతా దళారిని ఇంట్లో పెట్టి పోతారా ఎవరన్నా?”

దారి పొడుగునా ఎస్తేరు అడుగుతూనే ఉంది, ఉచ్చీరమ్మ చెబుతూనే ఉంది. పెద్దకడుబూరు నుంచి వచ్చిన పత్తి ట్రాక్టరు ముందు పోతోంది. బోరాల సందుల్లోంచి దూది ఎగిరి ఆటోలో పడుతోంది. గుంత వచ్చినప్పుడల్లా ధర రెండు ముక్కలవుతోంది. “ఇర” గుంతకు ఇవతల, “వై” గుంతకు అవతల. అయినా వస్తోంది. ఆదోని కొండలు కనపడేసరికి గొంతు చిన్నదైంది. మార్కెట్టు యార్డు దాటేసరికి ముక్కలు కూడా రాలేదు.

లక్ష్మీనరసయ్య గారి ఇల్లు మూడంతస్తులు. హాలులో సోఫా మీద ఆయన, పక్కన రాజేశ్వరమ్మ. యాభై అయిదేళ్ళు దాటిన మనిషి, ముక్కుపుడక, చేతినిండా గాజులు, ఎదుటివాళ్ళను తూకం వేసేలాంటి చూపు. కన్యక ఫోను చూసుకుంటూ వచ్చి, డబ్బా తెరిచి, నిలబడే రెండు ఓళిగలు తినేసి, “అమ్మా, ఇవే. వేరేవి వద్దు,” అని లోపలికి పోయింది. కూతురు అట్లా అనడం రాజేశ్వరమ్మకు నచ్చలేదు. బేరానికి ముందు సరుకు మెచ్చుకునే పిల్లను ఏ ఇంటికి పంపుతున్నామో అన్నట్టు చూసింది.

ఎస్తేరు, ఉచ్చీరమ్మ ఎదురుగా కుర్చీల అంచున కూర్చున్నారు. హనుమన్న గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాడు. కాఫీలు వచ్చాయి, అయిపోయాయి.

“సరేమ్మా,” అన్నాడు లక్ష్మీనరసయ్య. “రెండు వేలు. కర్నూలు వాళ్ళు పదికే ఇస్తామంటున్నారు. నువ్వు ఎంతకిస్తావు?”

గొంతు దగ్గర తలుపు పడింది. గడియ పడింది. కొంగు నోటి దాకా వచ్చింది.

“మీ…” అంది ఉచ్చీరమ్మ.

ఎస్తేరు తొడ మీద గిల్లింది.

“మీ… మీ ఇల్లు బాగుంది సారూ.”

“ఆ, కట్టి నాలుగేండ్లయింది. ధర సెప్పమ్మా.”

“మీ ఇ…”

ఎస్తేరు ఈసారి మెలిపెట్టి గిల్లింది.

“మీ ఇంట్లో ఫ్యాను బాగ తిరుగుతాంది సారూ.”

లక్ష్మీనరసయ్య ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను మామూలుగానే తిరుగుతోంది. “అది సరే. ఓళిగ ఎంత?”

“మీ ఇష్ట…”

గిల్లడానికి ఎస్తేరుకు ఇక చోటు మిగల్లేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఉచ్చీరమ్మకు ఆ గిల్లులన్నిటి కంటే చెయ్యి తీసేసుకోవడమే ఎక్కువ నొప్పెట్టింది. పక్కకు చూసింది. ఎస్తేరు గోడ వైపు చూస్తోంది. ఆ చూపులో అప్పుడే పత్తి ఏరుతోంది.

“…మీ ఇష్టదైవం ఎవరు సారూ?” అంది ఉచ్చీరమ్మ, ఏడుపు గొంతుతో.

“ఈమెకు ఒంట్లో బాగుందా?” అని లక్ష్మీనరసయ్య ఎస్తేరును అడిగాడు.

అప్పుడు జరిగింది. ఎందుకు జరిగిందంటే ఉచ్చీరమ్మ ఈ రోజుకీ చెప్పలేదు. ఆమె లేచింది. గుమ్మం దగ్గరికి పోయి నాయన భుజం మీది తువ్వాలు లాగింది. వచ్చి రాజేశ్వరమ్మ ఎదురుగా నేల మీద కూర్చొని, ఆ అమ్మ కుడిచెయ్యి పట్టుకొని, తన చెయ్యి కలిపి, పైన తువ్వాలు కప్పేసింది.

“ఏందిది?” అన్నాడు లక్ష్మీనరసయ్య.

తువ్వాలు కింద ఉచ్చీరమ్మ చెయ్యి రెండు వేళ్ళు పట్టింది. వదిలి, అయిదూ కలిపి పిడికిట పట్టింది. ఇరవై అయిదు. ఎస్తేరు చెప్పింది ఇరవై. ఆ పైన అయిదు ఎక్కడ నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. చెయ్యి అడిగేసింది.

రాజేశ్వరమ్మ ముఖంలో ముందు విస్తుపోయిన చూపు. తర్వాత కనుబొమలు పైకి లేచాయి. ఆ తర్వాత, చిన్నప్పుడు పోగొట్టుకున్న బొమ్మ అటక మీద దొరికినట్టు, కళ్ళలో ఒక మెరుపు. ఆ అమ్మ సోఫా మీద నుంచి జారి నేల మీదికి వచ్చి, గాజులు మోచేతి దాకా తోసుకొని, ఉచ్చీరమ్మ అరచేతిలో బర్రున గోకింది. ఒక వేలు పట్టింది. వదిలి రెండు పట్టింది. పన్నెండు.

“రాజేశ్వరీ, నీకు ఇది ఎప్పుడు వచ్చె?” అన్నాడు భర్త.

“మా నాయన శనగకాయల మండీలో తలుపు సందులో నిలబడి నేర్చుకున్యా. ముసలి గుమస్తా నేర్పించినాడు. నేర్పించి ఏం లాభం, ఒక్క పొద్దన్నా ఆడోళ్ళను తువ్వాలు దగ్గరికి రానిస్తేగదా. మీరు మాట్లాడాకండి, నాకు లెక్క తప్పుతుంది.”

గుమ్మం దగ్గర హనుమన్న లేచి నిలబడ్డాడు. తువ్వాలు పరిచారంటే దళారి ఊరికే కూర్చోకూడదు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన నడుం నిటారుగా అయింది. డబ్బాలోంచి ఒక ఓళిగ తీసి అరచేతిలో పెట్టుకొని లక్ష్మీనరసయ్య ముందుకు వచ్చాడు.

“సరుకు సూడండి సారూ. లేత వయసు, నాలుగు పళ్ళది. సుడి లేదు, మచ్చ లేదు. ఎండలో నిలబెట్టినా రొప్పదు. తోక సూస్తారా, తోకే లేదు.”

“ఓళిగకు తోక యాడుంటుందప్పా?”

“లేదనే సెప్తాండా. ఈగలు తోలుకునే బాధ లేదు.”

“నేను పత్తి యాపారిని. నాకు ఎద్దును అమ్మినట్టు అమ్మతాండావే.”

“సరుకు సరుకే సారూ,” అన్నాడు హనుమన్న.

తువ్వాలు కింద మాత్రం కోడిపందెం జరుగుతున్నట్టు గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. విచిత్రమేమిటంటే, పైన ఉచ్చీరమ్మ నోరు తన పాత పాటే పాడుతోంది. “మనలో మనకేముందిలేమ్మా, ఆడబిడ్డ పెండ్లి గదా, మీరు సల్లగుండాల,” అని తలొంచుకొని మెత్తగా గొణుగుతోంది. కింద ఆమె చెయ్యి రాజేశ్వరమ్మ వేళ్ళను మెలిపెట్టి ఇరవై నాలుగు అంటోంది.

“నీ నోటి మాట ఇనాల్నా, చేతి మాట ఇనాల్నా?” అంది రాజేశ్వరమ్మ పళ్ళు బిగించి.

“చేతి మాటే ఇనండమ్మా. నోటికి తెలివి లేదు.”

రాజేశ్వరమ్మ పదిహేనుకు వచ్చింది. ఉచ్చీరమ్మ గోకింది. పదిహేడు. మళ్ళీ గోకింది. ఆ చేతికి ఎవరూ ఎప్పుడూ అణకువ నేర్పలేదు. ఆడపిల్లవి, తగ్గి మాట్లాడు అని ఆమె నోటికి చెప్పినవాళ్ళు ఊరంతా ఉన్నారు. చేతికి చెప్పాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. అది హనుమన్న చెయ్యి లాగే పెరిగింది. రోజూ పొద్దున బీడీలకే అంత పోరాడే చెయ్యి, ఓళిగకు ఎందుకు వదులుతుంది?

లక్ష్మీనరసయ్య ఉండబట్టలేక వంగి తువ్వాలు అంచు ఎత్తబోయాడు. భార్య ఎడమచేత్తో ఆయన చేతి మీద ఒకటి వేసింది.

“మీరు పత్తి బేరాలాడేటప్పుడు నేను వచ్చి తొంగి సూసినానా?”

పంతొమ్మిది దగ్గర రాజేశ్వరమ్మ ఆగింది. ఇక రాదు. ఆ సంగతి వేళ్ళ బిగువులోనే తెలిసింది. ఉచ్చీరమ్మ అప్పుడు రోజూ చేసే పనే చేసింది. మెల్లగా, అసలు ఏ తొందరా లేకుండా, చెయ్యి వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టింది. వేళ్ళు సగం బయటికి వచ్చాయి. పైన ఆమె ముఖం ఓళిగలు ఊరికే ఇచ్చేసేంత జాలిగా ఉంది. లోపల నుంచి కన్యక గొంతు వినిపించింది: “అమ్మా, ఇంగో ఓళిగ ఉందా?”

రాజేశ్వరమ్మ కళ్ళు మూసుకొని ఉచ్చీరమ్మ మణికట్టు గబుక్కున పట్టుకుంది. రెండు వేళ్ళు. మళ్ళీ రెండు వేళ్ళు.

రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా అదిమి వదిలాయి. హనుమన్న తువ్వాలు లాగి, దులిపి, భుజాన వేసుకొని, “బేరం తెగింది,” అన్నాడు.

“ఎంతకు తెగింది?” అన్నాడు లక్ష్మీనరసయ్య.

“తువ్వాలు కింద మాట బయట సెప్పగూడదు,” అంది భార్య, సోఫా ఎక్కి, ఆయాసపడుతూ, ఇరవై ఏళ్ళు చిన్నదానిలా నవ్వుతూ.

“దుడ్డు ఇచ్చేది నేను గదా.”

“ఇచ్చేటప్పుడు తెలుస్తుందిలే.”

“కనీసం కొసరన్నా ఉందా?”

ఆ మాట వినగానే ఉచ్చీరమ్మ నోరు తెరుచుకుంది. “అయ్యో, దానికేముంది సారూ, ఒక రెండు వంద…” అంటుండగానే ఎస్తేరు ఒక ఓళిగ మడిచి ఆమె నోట్లో కుక్కేసింది. మిగతా మాట పూర్ణంలో కలిసిపోయింది.

బయానా చేతికి వచ్చింది. హనుమన్న ఓళిగల డబ్బాను తువ్వాలులో పట్టుకొని, ఎద్దు పలుపు అప్పగించినట్టు రెండు చేతులతో లక్ష్మీనరసయ్యకు అందించాడు. “కొత్త సోటు గదా సారూ, రెండు దినాలు బెదురుతుంది. నిమ్మళంగా సూసుకోండి,” అన్నాడు. లక్ష్మీనరసయ్య డబ్బా అందుకొని, “సరేనప్పా,” అన్నాడు.

ఆటో ఆదోని దాటింది. ఎస్తేరు అంతసేపు ఎట్లా ఓర్చుకుందో ఓర్చుకుంది.

“ఎంతకక్కా?”

ఉచ్చీరమ్మ నోరు తెరిచింది. “ఇ…” గడియ పడింది. తల అడ్డంగా ఊపింది.

“నాకు గూడా సెప్పలేవా? పది కంటే తక్కువకు ఒప్పుకున్నావా? నిజం సెప్పు, నేను మిల్లులో మాట్లాడి పెట్టుకోవాల.”

ఉచ్చీరమ్మ ముందు సీటు వైపు చెయ్యి చాచింది. హనుమన్న వెనక్కి తిరగకుండానే తువ్వాలు ఇచ్చాడు. కింద ఉచ్చీరమ్మ ఎస్తేరు వేళ్ళు రెండు పట్టి, వదిలి, మళ్ళీ రెండు పట్టింది.

ఎస్తేరు ముఖం పాలిపోయింది. “రెండూ రెండూ నాలుగు. నాలుగు రూపాయలకా అక్కా? ఆ ఇంట్లో పెండ్లి మనం సేస్తాండామా?”

“మొదటిది పదులమ్మా,” అన్నాడు హనుమన్న ముందు నుంచి. “రెండోది ఒకట్లు.”

ఉరుకుందు ఆటో పక్కకు తీసి ఆపేశాడు. వెనక వచ్చిన ట్రాక్టరు వీళ్ళ మీద దూది చల్లుకుంటూ దాటిపోయింది. ఎస్తేరు తువ్వాలు కింద నుంచి చెయ్యి తీయకుండానే రెండో చేత్తో ఫోను తీసింది.

“అన్నా, నేను ఎస్తేరును. రేపు మిల్లుకు రాను. ఎల్లుండి గూడా రాను. ఈడ పనుంది. ఎంతిస్తారా? అది బయట సెప్పగూడదన్నా.”

పెళ్ళి అయింది. రెండు వేల ఓళిగలు, లెక్కకు రెండు వేలే పోయాయి. పక్క సందు పిల్లోళ్ళకు పదో పన్నెండో పోతే ఎస్తేరు చూడనట్టు ఊరుకుంది. ఆ వచ్చిన దాంతో ఇంకో పెనం, ఇంకో పొయ్యి కొన్నారు. ఎమ్మిగనూరులో ఓళిగలు కావాల్సినవాళ్ళు ఇప్పుడు ఉచ్చీరమ్మ పంచలో తువ్వాలు ముందు కూర్చోవాలి. ఆడవాళ్ళయితే ఆమె, మగవాళ్ళయితే హనుమన్న. బట్టల దుకాణం గుమస్తా కూడా వచ్చాడు. తువ్వాలు కింద ఆయన చెయ్యి పట్టుకోబోతే చుట్టచుట్టిన క్యాలెండరు తగిలిందట. హనుమన్న దాన్ని గోకి గోకి చించేశాడు.

ఒకరోజు మద్దికెర నుంచి ఫోను వచ్చింది. రాజేశ్వరమ్మ బంధువట, సీమంతానికి మూడు వందలు కావాలట.

“ఎంతక్కా ఓళిగ?” అంది ఆ ఫోను.

ఎస్తేరు రెండు చేతులూ పిండిలో ఉన్నాయి. ఫోనుకు చెయ్యి లేదు, వేళ్ళు లేవు. ఉచ్చీరమ్మ ఫోనును చెవి దగ్గర పెట్టుకొని అటూ ఇటూ చూసింది. గొంతులో తలుపు కిర్రుమంది. “మీ…” అని మొదలుపెట్టి ఆగింది. ఎస్తేరు పిండి కలపడం ఆపింది.

ఉచ్చీరమ్మ నాయన భుజం మీద నుంచి తువ్వాలు లాక్కొని, తల మీదుగా, ఫోను మీదుగా కప్పేసుకుంది. లోపల చీకటి, బీడీల వాసన. ఆ చీకట్లో తన ఎడమచేతి వేళ్ళు తానే రెండు పట్టుకుంది. వదిలి మళ్ళీ రెండు పట్టుకుంది.

“ఇరవై రెండు,” అని తువ్వాలులోంచి వినిపించింది.

బర్రె కూడా ఇటు తిరిగి చూసింది.

“సరే అక్కా,” అంది ఫోను. పెట్టేసింది.

ఉచ్చీరమ్మ తువ్వాలు తీయలేదు. అట్లాగే కూర్చుంది.

“అక్కా, ఉన్నావా, పోయినావా?” అంది ఎస్తేరు.

“ఉండా లేవే. ఆయమ్మ ఇంగోసారి అడుగుతుందేమో అని సూస్తాండా.”

హనుమన్న ఆ సందు చూసి మెల్లగా తన చెయ్యి తువ్వాలు కిందికి దూర్చాడు. కూతురి వేళ్ళు మూడు పట్టి, పిడికిలి కూడా పట్టాడు. ముప్పై అయిదు. బర్రున గోకుడు తగిలింది. ఎప్పటిలాగే పదిహేనుకు తెగింది.

“దళారికి గూడా కొసరు లేదామ్మా?” అన్నాడు ముసలాయన దీనంగా.

“లేదు నాయనా,” అంది ఉచ్చీరమ్మ తువ్వాలు లోపల నుంచి, నోటితోనే.